తదితరులు పాల్గొన్నారు

రీసెర్చ్ పేపర్ని సాహిత్యంగా ఎవరూ చదవరు. రాసినవాళ్లే మళ్లీ చదవరు, అది వేరే సంగతి. కానీ ఇవాళ ఇంత కట్టుబాటుతో ఇంతమంది రాస్తున్న రచనారూపం ఇంకోటి ఏదని అడిగితే నాకైతే తోచదు. ఉత్పలమాలకి గణాలు, యతి, ప్రాస చూసుకుంటే చాలు. ఐ ట్రిపుల్ ఈ కాన్ఫరెన్స్ పేపర్‌కి పేజీకి రెండు కాలమ్‌లు, పది పాయింట్ల టైమ్స్ అక్షరాలు, సెక్షన్లకి రోమన్ అంకెలు, బొమ్మకైతే క్యాప్షన్ కింద, టేబుల్‌కైతే పైన, రెఫరెన్స్ నంబర్లు చదరపు బ్రాకెట్లలో. ఛందస్సు గురించి గంటలకొద్దీ వాదించుకునే మనం దీన్ని మాత్రం ‘ఫార్మాటింగ్’ అని పక్కన పడేస్తాం. చివరి రాత్రి చేసే క్లరికల్ పని అన్నట్టు. నా లెక్కలో ఈ రూపం మర్యాదగా కనిపిస్తూనే కొన్ని తీర్పులు ఇస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు కనపడాలి, ఎవరు కనపడక్కర్లేదు అన్నవి.

నేను పనిచేసేది శ్రీసిటీలో. తడ దగ్గర హైవే దిగి లోపలికొస్తే ఒకచోట మెట్రో బోగీలు తయారవుతుంటాయి, ఇంకోచోట చాక్లెట్లు. వాటి మధ్య 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ, ఆ తర్వాత వచ్చిన క్రియా యూనివర్సిటీ. నేను ఫ్యాక్టరీ వైపు మనిషిని, షాప్ ఫ్లోర్‌కి సాఫ్ట్‌వేర్ రాస్తాను. కానీ మా పిన్ని కొడుకు ఇక్కడే బీటెక్ చదువుతున్నాడు. వాడూ వాడి స్నేహితులూ పేపర్ పంపాల్సి వచ్చినప్పుడల్లా లేటెక్ సర్దే పని నాకు తగులుతుంది. “అన్నా, ఆరు పేజీలకి రావట్లేదు, కాస్త చూడవా” అని మెసేజ్ వస్తుంది. అలా సర్దుతూ సర్దుతూ ఈ రూపాన్ని పాఠకుడిగా చదవడం అలవాటైంది.

మొదటి తీర్పు పేరు దగ్గరే. ఆ టెంప్లేట్ తెరవగానే టైటిల్ కింద ‘ఫస్ట్ గివెన్ నేమ్ సర్‌నేమ్’ అని ఒక నమూనా ఉంటుంది, దాన్ని చెరిపి మన పేరు రాయాలి. రాయండి చూద్దాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆ తర్వాత వెంకట, ఆ తర్వాత సాయి, చివర్లో ఇంట్లో పిలిచే అసలు పేరు. టెంప్లేట్ మాత్రం చివరి ముక్కని సర్‌నేమ్ అనుకుంటుంది. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోతుంది. చివర కుమార్ ఉంటే నువ్వు కుమార్‌వి, రెడ్డి ఉంటే రెడ్డివి. గూగుల్ స్కాలర్‌లో మీలాంటివాళ్ల గుంపులో కలిసిపోతావు. తమాషా ఏంటంటే, మన పేరు పుట్టుకతోనే గ్రంథసూచి క్రమంలో ఉంటుంది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి. తిరగేసి మధ్యలో కామా పెట్టే అవసరమే లేదు. ఇంగ్లిష్ రెఫరెన్స్ స్టైల్ కష్టపడి సాధించే వరస మనకి బారసాల నాడే వచ్చేస్తుంది. అదే వరస టెంప్లేట్‌కి తలకిందులుగా కనిపిస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ కల్యంపూడి రాధాకృష్ణారావు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన అచ్చువేసిన పేపర్ నుంచి క్రామర్–రావు అసమానత, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాడి నోటా ‘రావు’ నలుగుతుంది. మనకి తెలుసు కదా, ఉత్త ‘రావు’ ఎవరి పేరూ కాదు. అది పేరుకి తగిలించే మర్యాద. కల్యంపూడి ‘సి’ అయింది, రాధాకృష్ణ ‘ఆర్’ అయ్యాడు, మర్యాద ఒక్కటే సిద్ధాంతంగా మిగిలింది. ఇది విషాదమని నేననను. కానీ ఇది రూపం చేసిన పని, మనిషి ఎంచుకున్నది కాదు.

ఎల్లాప్రగడ సుబ్బారావు విషయంలో రూపం ఇంకో రకంగా పనిచేసింది. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో విద్యార్థిగా ఉండగా, 1925లో, సైరస్ ఫిస్క్‌తో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఆయనొక పేపర్ అచ్చువేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని ఒక రిడ్యూసింగ్ ఏజెంట్‌తో నీలంగా మార్చి, ఆ నీలం ఎంత చిక్కగా ఉందో చూడ్డం. సంపుటి 66, పేజీలు 375 నుంచి 400. అంటే ఇరవై ఆరు పేజీలు, ఒక కొలత పద్ధతికి! ఇవాళ మా పిల్లలు అంత పొడుగు పంపితే చదవకుండానే తిప్పి పంపుతారు. కానీ ఆ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతా ల్యాబుల్లో నడిచింది. బయోకెమిస్ట్రీలో అతి ఎక్కువగా ఉటంకించిన పేపర్లలో అదొకటి.

ఇక్కడ చూడాల్సింది సైన్సు కాదు, రచయితల సంఖ్య. ఇద్దరు. ఇద్దరే ఉంటే ఉటంకింపులో రెండు పేర్లూ రాయాలన్నది చాలా జర్నళ్ల నియమం. అందుకే ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అయింది. మూడో పేరు ఒక్కటి చేరి ఉంటే? ఫిస్క్ ఎట్ ఆల్. అంతే. భీమవరంలో పుట్టినాయన, మద్రాస్‌లో ఖద్దరు కట్టినందుకు పూర్తి డిగ్రీ దక్కకుండా పోయినాయన, బోస్టన్ ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివినాయన, ‘తదితరులు’ అయిపోయేవారు. మన జిల్లా పేజీ వార్తల చివర ఉంటుందే, ‘తదితరులు పాల్గొన్నారు’ అని. ఎట్ ఆల్‌కి అంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు.

ఇది ఊహ అనుకుంటారేమో. అదే జర్నల్లో 1951లో ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద ఇంకో పేపర్ వచ్చింది. ఇప్పటిదాకా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ఉటంకింపులు పొందిన పేపర్‌గా పేరున్నది అదే, మూడు లక్షల పైమాట. రచయితలు నలుగురు: ఆలివర్ లౌరీ, నైరా రోజ్‌బ్రో, లూయిస్ ఫార్, రోజ్ రాండల్. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లని అడగండి, ‘లౌరీ మెథడ్’ అంటారు. మిగతా ముగ్గురూ మూడు లక్షల సార్లు పాల్గొన్నారు.

రూపం ఇలాగే ఉండి తీరాలా? మన దగ్గర వేరే నమూనా ఉంది. ప్రబంధంలో ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. కవి తన తండ్రి పేరు, ఎవరి అనుగ్రహంతో రాశాడో, తన బిరుదులు అన్నీ అందులో చెప్పుకుంటాడు. పేపర్‌లో అఫిలియేషన్ లైన్ లాంటిదే, కాస్త డాబు ఎక్కువ. అంతకంటే నాకు నచ్చేది నన్నయ. భారతం అవతారికలోనే, అసలు కథ మొదలవకముందే, తనకి తోడ్పడిన నారాయణభట్టు పేరు చెప్పి, కురుక్షేత్రంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు తోడున్నాడని రాసుకున్నాడు. పదకొండో శతాబ్దంలో అక్నాలెడ్జ్‌మెంట్ పుస్తకం మొదట్లో, పద్యంలో ఉంది. ఇప్పుడది చివర, రెఫరెన్స్‌ల పైన, నంబర్ కూడా లేని హెడ్డింగ్ కింద. పేజీలు ఎక్కువైతే ముందు పోయేదీ అదే. ల్యాబ్‌లో సెన్సర్లు బిగించిన టెక్నీషియన్‌కి చెప్పిన ఒక్క వాక్యం కృతజ్ఞత తీసేస్తే మూడు లైన్లు కలిసొస్తాయి. పిల్లలు చాలా తేలిగ్గా తీసేస్తారు. నేనడిగితే “పైగా అది టెక్నికల్ కంటెంట్ కాదు కదన్నా” అన్నాడు మావాడు.

పేజీల పరిమితి మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ, ఏది జ్ఞానమో ఏది కాదో చాలాసార్లు తేల్చేది అదే. ఆరు పేజీలంటే ఆరే. కుర్రాళ్లు హెడ్డింగుల కింద నెగెటివ్ వీస్పేస్‌లు పెట్టి మిల్లీమీటర్లు దొంగిలిస్తుంటారు. అదీ చాలకపోతే పనిచేయని ప్రయోగం పోతుంది. సుబ్బారావు కథలో మాత్రం పనిచేయకపోవడమే అసలు సంగతి. ఆ 1925 పద్ధతినే కండరాల ద్రవం మీద వాడితే నీలం రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. పద్ధతి మొండికేసింది. ఆ మొండితనాన్ని వదలకుండా తవ్వితే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1927లో ‘సైన్స్’ పత్రికలో ఆ పేపర్ వచ్చింది. రంగు ఆలస్యంగా వచ్చిందన్న వాక్యం మా ఆరు పేజీల్లో మిగులుతుందా అని నాకు అనుమానమే. ‘అవుట్‌లయర్స్ తొలగించాం’ అని ఒక్క ముక్కలో సర్దేస్తారు.

పీటర్ మెడావర్ అనే జీవశాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత, 1963లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ సైంటిఫిక్ పేపర్ ఒక మోసమా అని అడిగాడు. ముందు పరిచయం, తర్వాత పద్ధతి, ఫలితాలు, చివర చర్చ అనే వరసలో ఆలోచన నిజంగా నడవదు, శాస్త్రవేత్త బుర్రలో ఊహ ముందే ఉంటుంది, కాబట్టి చర్చని ముందుకి తేవాలి అని ఆయన వాదన. ఆయనతో నేను సగమే ఒప్పుకుంటాను. కందపద్యం కూడా కవి ఆలోచించిన వరసలో ఉండదు. దాన్ని మోసం అనం. పైగా ఈ నాలుగు గదుల ఇల్లు మెడికల్ జర్నళ్లలో స్థిరపడిందే గత శతాబ్దం రెండో సగంలో. అంటే ఇది వేదం కాదు, మొన్నమొన్నటి ఆచారం. నా అభ్యంతరం వరస మీద కాదు. ఆ వరసలో మనిషి కనపడకుండా పోవడం మీద.

అది వాక్యంలోనే మొదలవుతుంది. ఒక్కడే రాసిన పేపర్‌లో కూడా ‘వి’ అంటారు. దీన్ని తెలుగులో అనుకుని చూస్తే ఇంగ్లిష్ దాచేది బయటపడుతుంది. ‘ఈ పద్ధతిని ప్రతిపాదిస్తున్నాం’ అన్నప్పుడు అది మేము, పాఠకుడు గేటు బయట. ‘మూడో బొమ్మలో చూడొచ్చు’ అన్నప్పుడు అది మనం, పాఠకుడి భుజం మీద చెయ్యి. ఒకే మాట ఒకే పేరాలో వాకిలి మూసి తెరుస్తుంటుంది. ఇంగ్లిష్ పాఠకుడికి ఆ చప్పుడు వినపడదు. ఇక ప్రయోగాలు చెప్పేచోట పాసివ్ వాయిస్. మన సైన్స్ పాఠ్యపుస్తకాలు దాన్ని ‘కలపబడినది, వేడిచేయబడినది’ అని దిగుమతి చేసుకున్నాయి. నిజానికి తెలుగుకి ఆ అవస్థే లేదు. కర్తని వదిలేసినా వాక్యం నిక్షేపంగా నిలబడుతుంది: ద్రావణం కలిపి ఐదు నిమిషాలు ఆగాలి. వంట చెప్పేటప్పుడు మా అమ్మ అలాగే చెప్తుంది, ఎవరు ఆగాలో అందరికీ తెలుసు.

ఇంత తిట్టాక ఒక న్యాయం కూడా చెప్పాలి. 1977లో తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు చూసి, ఆ వికారం భరించలేక డొనాల్డ్ క్నూత్ టెక్ రాయడానికి కూర్చున్నాడు. ఆ టెక్ పేరాగ్రాఫ్ మొత్తాన్ని ఒకేసారి చూసి లైన్లు ఎక్కడ విరిస్తే బాగుంటుందో లెక్కేస్తుంది. దానికి ఊరు తెలీదు. సత్యవేడు నుంచి బస్సులో వచ్చే కుర్రాడి పేపర్, స్టాన్‌ఫర్డ్ వాళ్ల పేపర్ పక్కపక్కన పెడితే అక్షరాల్లో తేడా ఉండదు. చేతిరాత బాగోలేదని, నోట్‌బుక్‌కి అట్ట వేయలేదని మార్కులు పోగొట్టుకున్న తరం మనది. ఆ సమానత్వం నాకు చిన్నదిగా కనిపించదు. మొదటిసారి పీడీఎఫ్ కంపైలై స్క్రీన్ మీద రెండు కాలమ్‌లు పరుచుకున్నప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి.

కాకపోతే ఆ అక్షరాలకి కూడా మనుషులున్నారు. పేపర్ అంగీకరించాక జర్నల్ దాన్ని మళ్లీ పేర్చి ప్రూఫ్ పంపుతుంది. ‘క్వెరీ 4: దయచేసి రచయిత సర్‌నేమ్ నిర్ధారించండి’ అంటూ అంచున నంబర్లు వేసి ప్రశ్నలు వస్తాయి. అవి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఎవరో రాశారనుకుంటాం. విదేశీ జర్నళ్ల టైప్‌సెట్టింగ్‌కి పెద్ద కేంద్రాల్లో చెన్నై ఒకటి, ఇక్కణ్నుంచి యాభై అయిదు కిలోమీటర్లు. ఎల్సెవియర్ జర్నళ్లకి పంపేవాళ్లంతా వాడే లేటెక్ క్లాస్ ఫైల్‌ని తయారుచేసింది తిరువనంతపురం వాళ్లు. ఆ క్వెరీ రాసిన మనిషికి మన పేర్ల చిక్కు తెలిసే ఉండొచ్చు, బహుశా అతనికీ ఇంటిపేరు బదులు ఒక ఇనీషియలే ఉండి ఉంటుంది. అయినా ఫారంలో ఉన్నట్టే అడగాలి. వాళ్ల పేరు పేపర్‌లో ఎట్ ఆల్‌గా కూడా ఉండదు.

మావాడి పేపర్‌కి నలుగురు రచయితలు, వాడిది మూడో పేరు. వాణ్ని ఆర్కిడ్‌లో ఖాతా తెరవమన్నాను, 2012 నుంచీ ఉంది, పరిశోధకుడికి పదహారు అంకెల గుర్తు ఇస్తుంది. పేరు ఎలా విరిగినా ఆ నంబర్ విరగదు. అందులో ఇతర పేర్లు అని ఒక గడి ఉంటుంది, ఏ లిపిలోనైనా రాసుకోవచ్చు. ఇంటిపేరు ముందు పెట్టి, తెలుగులో, పూర్తిగా టైప్ చేశాడు. కామా ఎక్కడా రాలేదు.