కీర్తిశిఖరమునకు త్రోవ: బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై రెండు చిత్రములు – పెరియకుళమునుండి ఒక విమర్శ

వరాహనది యొడ్డున, కొడైకెనాల్ కొండల పాదమున నున్న పెరియకుళము మామిడితోటలకు పేరుపొందిన పట్టణము. మధుర నాయకరాజుల కాలమునుండి ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని ఇంట తెలుగును, బయట తమిళమును మాటలాడుచున్నవి. ఇంత చిన్న యూరికి బాస్కెట్‌బాల్ ఆటలో దేశవ్యాప్తమైన పేరుండుట క్రొత్తవారికి వింతగా తోచును. ఇచ్చటి సిల్వర్ జూబిలీ స్పోర్ట్స్ క్లబ్బు పి. టి. చిదంబర సూర్యనారాయణన్ స్మారక ట్రోఫీకై అఖిలభారత పోటీలను దశాబ్దముల తరబడి నడుపుచు వచ్చినది. వేసవిలో జరుగు నీ పోటీలకు బ్యాంకులు, రైల్వేలు, సైనికదళములు తమ జట్లను పంపుచుండును.

ఈ ఆటలను చూచు బాలుని మనస్సున ఒక ప్రశ్న పుట్టుట సహజము. ఈ ఆటగాడు ఇచ్చటికి ఏ త్రోవన వచ్చెను? నేనును ఆ త్రోవన పోగలనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిన డాక్యుమెంటరీ చిత్రములు రెండు కలవు. మొదటిది అమెరికా బాలుర కథ, 1994లో వెలువడిన ‘హూప్ డ్రీమ్స్’. రెండవది మన పంజాబు బాలుని కథ, 2016లో వెలువడిన ‘వన్ ఇన్ ఎ బిలియన్’. వీనిని పెరియకుళపు ఆటస్థలమున నిలిచి పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. కీర్తికెక్కిన వానిని చూచి త్రోవను మెచ్చుకొనుట లోకరీతి. త్రోవ నడుమ నిలిచిపోయినవానికి ఏమి మిగిలినదో చూచి దాని విలువ కట్టవలెనని నా వాదము.

బాస్కెట్‌బాల్ పుట్టుకయే విద్యాలయమున జరిగినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున వై.ఎం.సి.ఏ. శిక్షణాలయపు ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్, చలికాలమున విద్యార్థులు గదిలోపల ఆడుకొనుటకు దీనిని కల్పించెను. పండ్లబుట్టలు రెండింటిని ఎత్తున వ్రేలాడగట్టి, పదమూడు నియమములు వ్రాసెను. దక్షిణదేశమున ఈ యాటకు బలము చేకూర్చినది 1920లో హెచ్. సి. బక్ మదరాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాకళాశాల. అచ్చట శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఆటను పాఠశాలలకు కొనిపోయిరి. కావున ఆటకును చదువునకును గల చుట్టరికము నేటిది కాదు.

అమెరికాలో ఆ చుట్టరికము క్రమముగా వ్యాపారమైనది. ఉన్నత పాఠశాల, కళాశాల, ఎన్.బి.ఏ. అను వృత్తిసంఘము – ఇవి మూడు మెట్లు. ఏటేట జరుగు డ్రాఫ్ట్ అను ఎంపికలో ఆ సంఘపు జట్లు క్రొత్తవారిని వరుసక్రమమున ఎన్నుకొనును. పాఠశాల విడిచి నాలుగేండ్లు గడవనిదే ఎవరిని చేర్చుకొనరాదను పూర్వనియమమును స్పెన్సర్ హేవుడ్ న్యాయస్థానమున ఎదిరింపగా, 1971లో అది సడలెను. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ కళాశాల మెట్టు త్రొక్కకయే పైకెక్కిరి. 2006 నుండి నియమము మరల మారెను. డ్రాఫ్ట్ జరుగు సంవత్సరమున పందొమ్మిదేండ్లు నిండవలెననియు, అమెరికా పాఠశాలల వారికి చదువు ముగిసి ఒక యేడు గడవవలెననియు నిబంధన యేర్పడినది. దానితో అనేకులకు కళాశాల ఒక యేటి విడిదియైనది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణములును కలవు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమును 1984లో విడిచిపోయిన మైకేల్ జోర్డాన్ 1986లో బి.ఏ. పూర్తిచేసెను. డేవిడ్‌సన్ కళాశాలనుండి 2009లో వృత్తిక్రీడకు పోయిన స్టీఫెన్ కరీ 2022లో పట్టభద్రుడయ్యెను. ధనము, కీర్తి చేతికి వచ్చిన పిదపకూడ వారు మూసిన పుస్తకమును మరల తెరచిరి. చదువు అక్కరలేదని వారు తలపలేదు. మనవారు జోర్డాన్ ఎగురుటను, కరీ గురిని వేనోళ్ల పొగడుదురు గాని, ఈ సంగతిని చెప్పుట యరుదు.

ఇక లెక్క చూతము. అమెరికాలో మొదటిశ్రేణి కళాశాల జట్లు 350కి పైగా కలవు. జట్టునకు పన్నెండుగురే యనుకొన్నను నాలుగువేలమందికి మించుదురు. డ్రాఫ్టున పిలుపు వచ్చువారు ఏటికి అరువదిమందికి మించరు. వారిలో విదేశీయులును ఉందురు. ఎన్.బి.ఏ. జట్లు 30 మాత్రమే. కనుక కళాశాలవరకు వచ్చినవారిలోనే అత్యధికులకు శిఖరము దొరకదు. ఈ సత్యమును మరుగుపరచని చిత్రమగుటయే ‘హూప్ డ్రీమ్స్’ గొప్పతనము.

స్టీవ్ జేమ్స్ దర్శకత్వము వహించిన ఆ చిత్రమున షికాగో నగరపు పేదవాడలకు చెందిన ఆఫ్రికన్ అమెరికన్ బాలురు ఇద్దరు కనబడుదురు. వారి పేర్లు విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ. ప్రసిద్ధ క్రీడాకారుడు ఐసయా థామస్ చదివిన సెయింట్ జోసెఫ్ పాఠశాల వారిని ఆటకొరకు చేర్చుకొనెను. గేట్స్‌కు దాత దొరికెను. ఏజీ తలిదండ్రులు జీతము కట్టలేకపోయిరి. ఏజీ ఆ పాఠశాల విడిచి, ఇంటికి దాపుననున్న మార్షల్ పాఠశాలకు పోవలసివచ్చెను. గేట్స్‌కు మోకాలు దెబ్బతినెను. గేట్స్ మార్కెట్ విశ్వవిద్యాలయమునకును, ఏజీ రెండేండ్ల కళాశాల మీదుగా ఆర్కన్సా స్టేట్ విశ్వవిద్యాలయమునకును చేరిరి. ఇరువురిలో ఎవ్వరును ఎన్.బి.ఏ.లో ఆడలేదు.

ఓడిన కథను దాదాపు మూడుగంటలు చూపి ప్రేక్షకుని కదలనీయని శిల్పము ఆ చిత్రమున కలదు. అయినను నా దృష్టిలో దాని పతాకసన్నివేశము ఆటస్థలమున లేదు. ఏజీ తల్లి షీలా రోగులకు పరిచర్యచేయు సహాయకురాలి పరీక్షలో తరగతికెల్ల ప్రథమురాలిగా నిలిచిన ఘట్టమే అది. కుమారుడు బంతిని నమ్ముకొనగా తల్లి చదువును నమ్ముకొనెను. ఆమె గెలుపు సంపూర్ణము. ఆ గెలుపును మోకాలి దెబ్బ తీసికొని పోజాలదు. చిత్రమున ఒక లోపమును చెప్పవలెను. పోటీలకిచ్చిన నిడివి తరగతిగదికి ఇయ్యలేదు. బాలురు ఏమి చదివిరో, చదువు వారికి ఎందుకు అంటలేదో మనకు తగినంత తెలియదు. విచిత్రమేమనగా, ఆటలో దొరకని ప్రసిద్ధి వారిరువురకును ఈ చిత్రమువలననే దొరకినది.

రెండవ చిత్రము సత్నాంసింగ్ భమారా కథ. పంజాబులోని బల్లోకే గ్రామమున పుట్టిన ఈ రైతుబిడ్డ ఏడడుగుల రెండంగుళముల పొడగరి. లూధియానా అకాడమీలో ఆట నేర్చి, 2010లో ఫ్లోరిడాలోని ఐ.ఎం.జి. అకాడమీకి స్కాలర్‌షిప్పుపై పోయెను. 2015 డ్రాఫ్టున డల్లాస్ జట్టు అతనిని 52వ వానిగా ఎన్నుకొనెను. భారతదేశమున పుట్టినవారిలో ఆ పిలుపు నందుకొన్న మొదటివాడు అతడే. శతకోటిలో ఒక్కడు అను అర్థముగల పేరు చిత్రమునకు తగియున్నది గాని, చిత్రపు బలహీనతయు ఆ పేరునందే కలదు. ఒక్కని లెక్కించినపుడు తక్కినవారు లెక్కకు రారు. డ్రాఫ్టునాటి ఉత్సాహమును కథకు గమ్యముగా గ్రహించుటచే, అటుపిమ్మటి సంగతులు చిత్రమునకు వెలుపల నిలిచిపోయెను. అతడు టెక్సాస్ లెజెండ్స్ అను అనుబంధజట్టున రెండు ఋతువులు ఆడెను గాని, ఎన్.బి.ఏ. పోటీలో ఒక్కమారైనను అడుగిడలేదు. 2021లో వృత్తిమల్లయుద్ధ సంస్థ యొకదానిలో చేరెను.

అతని కథలో మనవారు ప్రత్యేకముగా గమనింపవలసినది భాష. ఆంగ్లము అంతగా రాక అమెరికా చేరిన ఆ బాలునికి కళాశాల ప్రవేశమునకు వలయు అర్హతలు కుదరలేదు. కళాశాల మెట్టు లేకయే డ్రాఫ్టునకు పోవుట అతనికి ఘనతయని కొందరు వ్రాసిరి. గార్నెట్‌కు, బ్రయంట్‌కు అది ఘనత కావచ్చును. సత్నాంకు అది లోటు. నాలుగేండ్లు కళాశాలలో ఆడియున్నచో ఆటయు పదునెక్కెడిది, చేత పట్టమును ఉండెడిది. ఇంట తెలుగు, బడిలో తమిళము, కళాశాలలో ఆంగ్లము ఎదుర్కొను పెరియకుళపు తెలుగుబిడ్డకు ఈ చిక్కు విప్పి చెప్పనక్కరలేదు.

ఇక మన త్రోవ. అమెరికా జట్ల చొక్కాలపై నగరముల పేర్లుండును. పెరియకుళమున ఆడవచ్చు పెద్దజట్ల చొక్కాలపై ఉద్యోగమిచ్చిన సంస్థల పేర్లుండును: ఇండియన్ బ్యాంకు, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, రైల్వేలు, సైన్యము. ఈ చొక్కాయే మన క్రీడాజీవితమునకు సరియైన వ్యాఖ్య. మనదేశమున కళాశాల దాటిన ఆటగానికి శిఖరమనగా ఉద్యోగము. 2015లో ఆరంభమైన యు.బి.ఏ. వృత్తిలీగు 2017 తరువాత సాగలేదు. 2022లో ఐ.ఎన్.బి.ఎల్. అను మరియొకటి వచ్చినది. ఇట్టివి వచ్చుచు పోవుచుండగా, నెలజీతమే ఆటగానికి నిలుకడ.

దీనిని చులకన చేయువారు కలరు. గుమాస్తా కుర్చీకొరకు ఇంత చెమట యెందుకని వారి యాక్షేపణ. దీనికి కేరళ క్రీడాకారిణి గీతు అన్నా జోస్ జీవితము సమాధానము. చంగనాశ్శేరి అసంప్షన్ కళాశాలనుండి వచ్చి, దక్షిణ రైల్వేలో ఉద్యోగినియై, ఆమె 2006 మొదలు ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ జట్టుకు ఆడెను. 2011లో అమెరికా మహిళా వృత్తిజట్ల ఎంపికపరీక్షలకును పోయెను. అచ్చట చోటు దొరకలేదు. కాని ఆమెకు తిరిగివచ్చుటకు ఒక చోటుండెను. 2014లో అర్జున పురస్కారము లభించెను. కాలిక్రింద నేల గట్టిగా నున్నపుడే మనుష్యుడు పైకి ఎగురసాహసించును. గేట్స్‌కు, ఏజీకి లేని నేల ఇదియే.

అయినచో మన త్రోవలో లోపము లేదా? కలదు. లోపము ఉద్యోగమునందు లేదు, దానికి ముందున్న కళాశాలయందు కలదు. ఆటకొరకు సీటు పొందిన విద్యార్థి హాజరుపట్టీలో నుండి తరగతిలో లేకుండుట మనకు క్రొత్తగాదు. ఉద్యోగము దొరకినవాడు ఆ నష్టమును ఎరుగడు. దొరకనివాడు ఎరుగును. ఉద్యోగములు కొలదిమందికే దొరకును గనుక, ఎరుగువారే ఎక్కువ.

ఇచ్చట మన సమాజపు బాధ్యత మొదలగును. కోయంబత్తూరున పి. ఎస్. గోవిందస్వామినాయుడుగారి కుమారులు నలుగురు, ఆస్తిని ఐదుభాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచి, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ కళాశాలలు చదువునకే గాక బాస్కెట్‌బాలుకును పేరుపొందినవి. తేనిలో కమ్మవార్ సంఘము నడుపు కళాశాలలు కలవు. ఇట్టి విద్యాలయములు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, పోటీల దినములలో తప్పిన పాఠములను సెలవులలో తిరిగి చెప్పించుట. రెండవది, గ్రామమునుండి వచ్చిన ఆటగానికి మొదటియేడు ఆంగ్లమున ప్రత్యేకశిక్షణ నిచ్చుట. మూడవది, దెబ్బతగిలి ఆట మానవలసివచ్చినను జీతపు రాయితీని చదువు ముగియువరకు నిలుపుట. గేట్స్ విషయమున మార్కెట్ విశ్వవిద్యాలయము అట్టి మాట యిచ్చెను. అతడు అచ్చటనే పట్టభద్రుడయ్యెను.

శిఖరమునకు చేరువారు ఎప్పుడును కొలదిమందియే. వారిని గురించి చిత్రములు వచ్చును, వ్యాసములు వచ్చును. ఐదవ భాగమును ధర్మమునకు విడిచిన పెద్దల బుద్ధి మనకు గలదేని, అది మిగిలినవారి పక్షమున నిలువవలెను. ప్రతి వేసవిని పెరియకుళమున బంతి పట్టు బిడ్డలలో తెలుగిండ్లవారును ఉందురు. వారిలో ఒక్కడు తారయగునేని సంతోషమే. తక్కినవారందరును చదువు ముగించిరేని, త్రోవ మంచిదని అప్పుడు చెప్పవచ్చును.