కిరాయి తీసుకున్నా సాయమే

మిరపకోతల రోజుల్లో, పత్తి తీతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లారకముందే కదిలేవి కూలీల ఆటోలు. చేలో ఎవరైనా గుండె పట్టుకుని కూలబడినా, పురుగు ముట్టినా, మందు కొడుతూ సోలిపోయినా చేతికందే బండి అదే. 2005 ఆగస్టు 15న మొదలైన 108 ఎన్ని ప్రాణాలు నిలిపిందో అందరికీ తెలుసు. అయినా అంబులెన్స్ ఎక్కణ్ణుంచో రావాలి, ఆటో డొంకలోనే ఉంటుంది. దాన్ని తోలేవాణ్ణి దేవుడిలా వచ్చాడని పొగిడి, ఆ పూటకే మరిచిపోతాం. అతను చేసింది పుణ్యం అనుకున్నంతకాలం, ఆ పని అతనికి నేర్పాలనీ, దానికి కూలి కట్టాలనీ ఎవరికీ తోచదు. ఈ మైదానంలో ఆపదను మోయడం ఆటోవాడి వృత్తిలో భాగమేనని నేనంటాను.

ఆ వృత్తిలో నేర్పంటే వేగం అనుకుంటారు గానీ, బండి ఎటు తిప్పాలో తెలియడమే పెద్ద నేర్పు. దర్శి దాపున పల్లెలో గుండెపోటు వస్తే ఇంటివాళ్లు ఒంగోలు అంటారు, చేతిలో డబ్బుంటే గుంటూరు అంటారు. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్‌ను దగ్గరి ప్రభుత్వాసుపత్రుల్లోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో 2023లో మొదలైంది. కాబట్టి ముందు దగ్గర్లో ఈసీజీ తీసేచోట ఆగాలి, పెద్దాసుపత్రి ఆ తర్వాత. పక్షవాతానికి లెక్క తిరగబడుతుంది. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పడాలి, అదీ సీటీ స్కాన్ చూశాకే. స్కాన్ లేనిచోట ఆగితే పోయేది కాలమే. పాము కరిస్తే తాడు బిగించడం, గాటు పెట్టడం, మంత్రగాడి గుమ్మం తొక్కడం మాని, విరుగుడు మందున్న ఆసుపత్రికి తిప్పాలి. పురుగుమందు ఒంట్లోకి పోయినవాడికి ఉప్పునీళ్లు పట్టించి కక్కించకూడదు. తడిసిన బట్టలు తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు డబ్బా వెంట తీసుకెళ్లాలి. ఆ డబ్బా మీది పేరు డాక్టరుకు సగం రోగనిర్ధారణ.

తెలిసీ తెలియని చేతులు కీడు చేస్తాయన్న అభ్యంతరం ఉంది. రోడ్డు ప్రమాదంలో మెడ, వెన్ను దెబ్బతిన్నవాణ్ణి ఆటోలో కుదించి తీసుకెళితే నిజంగానే కీడు. ఎవర్ని కదపకూడదో, ఎప్పుడు 108కి చెప్పి ఆగాలో కూడా శిక్షణలో పాఠమే. ఘానాలో 335 మంది కిరాయి డ్రైవర్లకు ఆరు గంటల ప్రథమ చికిత్స పాఠం చెప్పారు. 2004లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, తర్వాత వాకబు చేసినవాళ్లలో సగానికి పైగా ఎవరికో ఒకరికి ప్రథమ చికిత్స చేసే ఉన్నారు. మన ఆటో యూనియన్లు అడిగితే ఒక ఆదివారం చాలు.

మరి పోలీసు కేసు? ముందు వైద్యం, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాణ్ణి సివిల్, క్రిమినల్ బాధ్యత నుంచి తప్పించింది. కానీ చదివి చూస్తే ఆ రక్షణ రోడ్డు ప్రమాద బాధితుల్ని ఆదుకున్నవాళ్లకే. మిరపచేలో పడిపోయిన ముసలమ్మను తెచ్చినవాడు అందులోకి రాడు. పైగా సాయం ప్రతిఫలం ఆశించకుండా చేసిందై ఉండాలట! రోజుకింతని బండి బాడుగ కట్టే మనిషి డీజిల్ ఖర్చు అడిగితే అతని మంచితనం చట్టం కళ్లకు అనుమానమే. సాయం చేసినవాళ్లకిచ్చే బహుమతిని కేంద్రం 25,000 రూపాయలకు పెంచింది, అదీ రోడ్డు ప్రమాదాలకే.

ఆటోవాడికి సర్కారు డబ్బు ముట్టజెబితే దొంగలెక్కలు పుడతాయంటారు. పుడితే పుట్టనీ, పట్టుకోవడం కష్టం కాదు: క్యాజువాలిటీ రిజిస్టరులో రోగి పేరు పక్కన బండి నంబరు, వచ్చిన వేళ రాస్తే సరి, కిలోమీటరుకింతని ఆసుపత్రి అభివృద్ధి నిధి నుంచే ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే వచ్చే చేటు ఇంకా పెద్దది. సర్కారు పైసా ఇవ్వని చోట, రోగిని తెచ్చినందుకు కమీషన్ ముట్టజెప్పే ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా ఉంటే, హ్యాండిల్ ఎటు తిరగాలో ఆ కమీషనే చెబుతుంది.