నచ్చింది అంటే సరిపోదు

ఎల్ కెనడీ రాసిన 'ది డీల్' 2015లో వచ్చింది. రచయిత్రిది కెనడా. పుస్తకాన్ని మొదట సొంతంగానే అచ్చువేసుకుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్నట్టు ఊహించిన బ్రయర్ యూనివర్సిటీలో కథ నడుస్తుంది. గ్యారెట్ గ్రాహమ్ అక్కడి ఐస్ హాకీ జట్టు కెప్టెన్. హానా వెల్స్ సంగీతం చదువుతోంది. అతను ఎథిక్స్ పరీక్ష తప్పాడు, మార్కులు పెరగకపోతే జట్టులో చోటుకే ఎసరు. అదే పరీక్షలో ఆమెకి మంచి మార్కులొచ్చాయి. కాని ఆమె మనసు ఫుట్‌బాల్ ఆడే ఇంకో కుర్రాడి మీద ఉంది. నువ్వు నాకు పాఠం చెప్పు, నేను నీతో తిరుగుతున్నట్టు నటిస్తాను, అప్పుడు వాడు నిన్ను గమనిస్తాడు. ఇదీ ఒప్పందం. ఆ తర్వాత ఏం జరుగుతుందో నవలలు చదివే అలవాటున్న ఎవరైనా చెప్పేస్తారు. అయినా పదేళ్లు దాటినా పాఠకులు ఈ పుస్తకం గురించి వాదించుకోవడం ఆపలేదు. ఈ వారం నాకు నవలకన్నా ఆ వాదనల మీదే ఎక్కువ ధ్యాస.

ప్రేమ నవల చదివి 'బాగుంది' అని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. కొందరు మాత్రం కాస్త ఆగి ఎక్కడ బాగుందో, ఎవరికి నచ్చకపోవచ్చో, ఏ అధ్యాయం దగ్గర పుస్తకం మూసేయాలనిపించిందో చెబుతారు. వాళ్ల మాటంటే నాకు గౌరవం. పెద్ద పత్రికల సమీక్షకులు ఇలాంటి నవలల జోలికి ఎప్పుడో గాని రారు. వీటికంటూ ఒక విమర్శ ఉందంటే అది చదివేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, తమకోసం తాము తయారుచేసుకున్నదే.

అది ఈ మధ్య మొదలైన సంగతి కూడా కాదు. జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అనే పుస్తకం ప్రచురించింది. ఆమె చేసిందల్లా ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది వినడమే. వాళ్ల ఊరి అసలు పేరు దాచి స్మిత్‌టన్ అని పెట్టింది. అక్కడి పుస్తకాల షాపులో పనిచేసే ఒకావిడకి డాట్ అని పేరు పెట్టింది. నెలనెలా వచ్చే నవలల్లో ఏది కొనుక్కోవచ్చో, ఏది వద్దో డాట్ చెప్పేది, తన అభిప్రాయాలతో ఒక చిన్న పత్రిక కూడా నడిపేది. ప్రేమ నవలల్లో ఏది ఉండకూడదని రాడ్‌వే అడిగితే ఆ పాఠకులు అన్నిటికన్నా ముందు చెప్పినవి రెండు: బలాత్కారం, విషాదాంతం. ఇంటిపనీ పిల్లల పనీ మధ్య ఆ పుస్తకం చదివే సమయం ఒక్కటే తమదని కూడా చెప్పారు. అలాంటి సమయాన్ని పాడుచేసే పుస్తకం గురించి పక్కింటావిడకి ముందే చెప్పడం వాళ్లకి ఒక బాధ్యత.

మన వారపత్రికల రోజుల్లో మన ఇళ్లలోనూ ఈ అలవాటు ఉండేది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివినవాళ్లు రాజశేఖరం పొగరుబోతా, అభిమానవంతుడా అని తేల్చుకోలేక వాదించుకునేవాళ్లు. జయంతి అంత పట్టుదలకి పోవడం సబబేనా అన్నది ఇంకో వాదన. పత్రిక చేతులు మారేటప్పుడు అభిప్రాయమూ దాంతో పాటే వెళ్లేది. మా పిన్ని ఎవరికైనా నవల ఇస్తూ "మధ్యలో ఏడిపిస్తుంది, చివరికి బాగుంటుంది, చదువు" అనేది. ఆ ఒక్క మాటలో చదవబోయేవాళ్లకి కావలసినవన్నీ ఉన్నాయి.

'ది డీల్' సంగతికొస్తే, నచ్చినవాళ్లంతా ముందు చెప్పేది సంభాషణల గురించే. ఒక అధ్యాయం హానా చెబితే ఇంకోటి గ్యారెట్ చెబుతాడు. పాఠాలు చెప్పే వంకతో ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఒకరినొకరు ఏడిపించుకుంటారు, స్నేహితులవుతారు. ఆ స్నేహం కుదిరాకే ప్రేమ వస్తుంది. అతను ఆమెని అడుగుతాడు, ఆమె వద్దంటే అక్కడితో ఆగుతాడు. ఈ ఆగడమే తమని కట్టిపడేసిందని చాలామంది పాఠకులు అంటారు. చదువుతుంటే నాకూ అదే అనిపించింది. పాత నవలల్లో నాయకుడు చెయ్యి పట్టి లాగితే అదే ప్రేమ అనుకునేవాళ్లం. ఇక్కడ కండలు తిరిగిన కెప్టెన్ "నీకు ఇష్టమేనా?" అని అడుగుతాడు. అడిగినందువల్ల కథలో వేడేమీ తగ్గలేదు. రాయడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు దీన్ని చిన్న విషయంగా చూడరు.

అసలు వాదన హానా గతం దగ్గర మొదలవుతుంది. స్కూల్లో చదివే రోజుల్లో ఆమె మీద అత్యాచారం జరిగింది. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు నిందితుడి పక్షాన నిలబడ్డారు, ఆమె కుటుంబం చితికిపోయింది. కౌన్సెలింగ్‌తో తేరుకుని చదువుకుంటోంది, పాడుతోంది, హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేస్తోంది. శరీరం మాత్రం భయాన్ని ఇంకా వదల్లేదు. దాన్ని దాటడానికి తోడు రమ్మని గ్యారెట్‌ని తనే అడుగుతుంది. పాఠకులు రెండుగా చీలేది ఇక్కడే. గాయపడ్డ అమ్మాయికి కోరిక కూడా ఉంటుందనీ, దాన్ని తిరిగి తెచ్చుకునే హక్కు ఆమెదేననీ ఈ పుస్తకం ఒప్పుకుందని కొందరు సంతోషిస్తారు. ఒక మంచి కుర్రాడు దొరికితే చాలు, ఆ గాయం మానిపోతుందన్నట్టు రాశారని కొందరు బాధపడతారు. అలాంటిది తమ జీవితంలో జరిగిందని చెప్పుకున్నవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. అందుకే ఇందులో ఎవరి మాటనీ కొట్టిపారేయకూడదు.

నా మటుకు నేను మొదటి పక్షం వైపే కొంచెం మొగ్గుతాను. గ్యారెట్ రాకముందే హానా లేచి నిలబడింది. అతను తాళం తీసి ఆమెని బయటికి తీసుకురాలేదు, ఆమే తలుపు తీసి పిలిచింది. అలాగని రెండో పక్షం వాళ్ల మాట వృథా కాదు. ఏళ్ల తరబడి శరీరంలో గూడు కట్టుకున్న భయం నవల నడిచే ఆ కొద్ది నెలల్లో, ఆ కొద్ది సన్నివేశాల్లో కరిగిపోవడం నిజంగానే తొందరపాటు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ విషయం పుస్తకంలో ఉందని ముందే చెప్పినవాళ్లకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అది తెలియకుండా సరదా కాలేజీ ప్రేమకథ అనుకుని తెరిచే అమ్మాయి ఎలాంటి అనుభవం మోస్తూ తెరుస్తుందో ఎవరికి తెలుసు? కథ మలుపు దాచాలా, చెప్పాలా అన్న మీమాంస నాకైతే లేదు. ఎవరినైనా గాయపరిచే విషయం ఉంటే చెప్పాల్సిందే.

ఇంకో ఫిర్యాదు విడిపోవడం మీద. నవల మూడొంతులు అయ్యాక జంట ఏదో కారణానికి విడిపోవడం, చివరి అధ్యాయాల్లో కలవడం ఈ కథల్లో రివాజు. 'థర్డ్ యాక్ట్ బ్రేకప్' అని పాఠకులు దానికి పేరు కూడా పెట్టారు. ఇక్కడ కారణం గ్యారెట్ తండ్రి. ఒకప్పుడు ప్రొఫెషనల్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో పేరున్న ఆటగాడు, ఇంట్లో మాత్రం చెయ్యి చేసుకునే మనిషి. కొడుకుని వదిలెయ్, లేకపోతే వాడికి డబ్బు ఆపేస్తానని హానాని బెదిరిస్తాడు. ఆమె గ్యారెట్‌కి అసలు సంగతి చెప్పకుండా దూరమవుతుంది. ఈ ఒక్క చోట చదివినవాళ్లలో ఎక్కువమంది విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. అప్పటిదాకా ప్రతిదీ నోరు విప్పి మాట్లాడుకున్న ఇద్దరు, మాట అత్యవసరమైన చోట మౌనంగా ఎందుకుంటారు? తండ్రి పాత్ర బలంగా ఉంది, కొడుకులో తనూ తండ్రిలా తయారవుతానేమో అన్న భయం ఇంకా బలంగా ఉంది. ఆ భయమే వాళ్లని కొన్నాళ్లు విడదీసి ఉంటే ఎంత బాగుండేది! బెదిరింపు బయటినుంచి తెచ్చి అతికించినట్టుంది.

మరో ఫిర్యాదు ఒక మాట మీద. హాకీ ఆటగాళ్ల చుట్టూ తిరిగే అమ్మాయిలని వెక్కిరిస్తూ పిలిచే పేరు ఒకటుంది, 'పక్ బన్నీ' అంటారు. నాయిక గొప్పదని చూపించడానికి మిగతా అమ్మాయిలని తక్కువ చేయాలా అని చాలామంది అడిగారు. అక్కర్లేదు. దానిమీద ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఆట గురించి వచ్చే అభిప్రాయాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. హాకీ ప్రేమకథ అన్నారు, హాకీ ఏదీ అని అడిగే పాఠకులు వీళ్లు. నేను మంచు మీద ఆట చూస్తూ పెరిగినదాన్ని కాదు, ఈ నవలల పుణ్యమా అని దాని నియమాలు వెతికి చదివాను. అమెరికాలో కాలేజీ హాకీ అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్‌లో ఫ్రోజెన్ ఫోర్ అనే ఆఖరి పోటీలతో ముగుస్తుంది. మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, శనివారాల రాత్రుళ్లే. అంటే మిగతా కుర్రాళ్లు పార్టీలకి, షికార్లకి వెళ్లే సమయంలో ఆటగాడు రింకులో మంచు మీదో, బస్సులోనో ఉంటాడు. కాలేజీ ఆటగాళ్లు ముఖం మొత్తం కప్పే జాలీ గాని, పారదర్శకమైన కవచం గాని పెట్టుకోవాల్సిందే. కాబట్టి మంచు మీదినుంచి నాయకుడు విసిరే చిరునవ్వుని గ్యాలరీలో కూర్చున్న అమ్మాయి పోల్చుకోవడం అంత తేలిక కాదు. కాలేజీలో చేరేముందు ఒకటి రెండేళ్లు జూనియర్ లీగుల్లో ఆడి రావడం మామూలు, అందుకే మొదటి సంవత్సరం కుర్రాడికే ఇరవై ఏళ్లుండొచ్చు.

పోట్లాట సంగతి చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో పిడిగుద్దులాటకి ఐదు నిమిషాలు బయట కూర్చోబెడతారు. కాలేజీ ఆటలో అయితే ఆ మ్యాచ్ నుంచే పంపేస్తారు, తర్వాతి మ్యాచ్ కూడా ఆడనివ్వరు. హానాకి వ్యతిరేకంగా నిలబడ్డవాళ్లలో ఒకడు ప్రత్యర్థి జట్టులో కనబడితే గ్యారెట్ మంచు మీదే వాడి మీద పడతాడు. ఈ నియమం తెలిసిన పాఠకులకి ఆ దెబ్బ ఖరీదు అర్థమవుతుంది. కెప్టెన్ తన జట్టుని వదిలి ఆమె పక్షాన నిలబడ్డాడు. అది ప్రేమా, లేక తండ్రినుంచి వచ్చిన కోపమా? నవల ఈ ప్రశ్న దగ్గర ఇంకాసేపు ఆగి ఉండాల్సింది. ఈ కోణం నాకు స్ఫురించింది ఆట తెలిసినవాళ్ల మాటలు విన్నాకే.

ఇలాంటి వాదనలు 'ది డీల్' ఒక్కదాని మీదే కాదు. 2022లో వచ్చిన హానా గ్రేస్ నవల 'ఐస్‌బ్రేకర్' మీద వచ్చిన అభిప్రాయాల్లో కథకన్నా అట్ట గురించిన గొడవ పెద్దది. ఫిగర్ స్కేటింగ్ చేసే అమ్మాయి, హాకీ కెప్టెన్, ఇద్దరి జట్లకీ ఒకే రింకు పంచుకోవాల్సిన పరిస్థితి. అట్ట మీద ముద్దొచ్చే కార్టూన్ బొమ్మ, లోపల పెద్దవాళ్లు చదవాల్సిన పడకగది సన్నివేశాలు. బొమ్మ చూసి పిల్లల పుస్తకమనుకుని కొన్న తల్లిదండ్రులున్నారు. ప్రచురణకర్తలు అట్ట మీద చెప్పని సంగతిని పాఠకులు మిరపకాయల లెక్కలో చెప్పారు. ఒక మిరపకాయంటే ముద్దులతో సరి, ఐదంటే తలుపు వేసుకుని చదవాలి. స్మిత్‌టన్ ఆడవాళ్లలో చాలామంది పడకగది సంగతులు మరీ విప్పి చెప్పడాన్ని ఇష్టపడలేదు. వాళ్ల మనవరాళ్ల వయసువాళ్లు ఘాటు ఎంతో సిగ్గుపడకుండా కొలిచి చెబుతున్నారు. ఇది మంచి మార్పే అని నా నమ్మకం. ఇష్టమున్నవాళ్లు చదువుతారు, లేనివాళ్లు తప్పుకుంటారు, ఎవరూ మోసపోరు.

ఇలా మాట్లాడుకోవడానికి ఒక హద్దు మాత్రం ఉంది. 2023లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే సియాటిల్ క్రాకెన్ జట్టు ఈ హాకీ నవలల అభిమానులని ఆకట్టుకోవాలని వీడియోలు చేసింది. అభిమానులు ఆ జట్టులోని ఒక ఆటగాడి మీద నవలా నాయకుడి మీద చేసినట్టే శృంగార వ్యాఖ్యలు చేశారు. అతనూ, అతని భార్యా అది తమని ఇబ్బంది పెడుతోందని బహిరంగంగా చెప్పారు. జట్టు ఆ వీడియోలు తీసేసింది. ఆ భార్య మీద విరుచుకుపడినవాళ్లున్నారు. అది నాకు చాలా బాధ కలిగించింది. గ్యారెట్ "ఇష్టమేనా?" అని అడిగినందుకు అతన్ని మెచ్చుకునే పాఠకులు రక్తమాంసాలున్న మనిషిని కూడా ఆ మాటే అడగాలి. నవలలోని మనిషి గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, ఎలాగైనా కలగనొచ్చు. రింకులో ఆడుతున్నవాడు మన ఊహకి సొంతం కాదు.

మా బంధువుల్లో ఒక అమ్మాయి ఈ ఏడే ఇంజనీరింగులో చేరింది. హాస్టల్లో అందరూ చదువుతున్నారు, 'ది డీల్' ఎలా ఉంటుందని అడిగింది. పద్దెనిమిది నిండాయి కాబట్టి చదవమన్నాను. అత్యాచారం ప్రస్తావన ఉందని, ఆ సంఘటనని వర్ణించకపోయినా దాని నీడ పుస్తకమంతా ఉంటుందని చెప్పాను. ఘాటు ఎక్కువేనని, సంభాషణలు నవ్విస్తాయని, సుఖాంతమేనని చెప్పాను. తండ్రి బెదిరించే చోటికి వచ్చాక ఫోన్ చెయ్యమన్నాను. హానా అలా దూరం కావడమే న్యాయమని తను వాదిస్తుందేమో, ఆ వాదన నాకు వినాలనుంది.