కుట్టు విప్పి చూచినపుడు

పాత కారును బాగుచేయించుకొనువారిలో పెక్కుమంది పైరంగునకును ఇంజనునకును ఇచ్చు గౌరవమును లోపలి భాగమునకు ఇయ్యరు. రంగు వీధిలో నిలిచినవారికి కనబడును. ఇంజను చప్పుడు దూరమునకే వినబడును. కాని మనుష్యుడు కారుతో నిజముగా కాపురము చేయునది దాని లోపలనే. వీపున కానుకొను మెత్త, మోచేతికి తగులు డోర్ ప్యాడ్, తలపైనున్న లైనింగ్, పాదముల క్రింది తివాచీ, ఇవియే ప్రయాణమను అనుభవమునకు శరీరము నొసగునవి. ఇంజనులో ఒక భాగము అరిగినచో దానివంటిదే మఱియొకటి వెదకి తెచ్చి బిగింపవచ్చును. ఏండ్ల తరబడి ఒక కుటుంబము కూర్చుండి లేచిన సీటును ఒకసారి పీకి పారవేసితిమేని దానిని తిరిగి తెచ్చి యిచ్చువాడు లేడు. కావుననే ఈ పనిని వీలైనంతవఱకు యజమాని తన చేతులతో చేసికొనుట మేలని నా విశ్వాసము.

మా యింటనున్నది మార్క్ 3 అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌గా పుట్టిన రూపమే వంగదేశమున హుగ్లీ జిల్లాలోని ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడర్ అను పేరు దాల్చి, ముఖమును పలుమార్లు మార్చుకొన్నను దేహమును పెద్దగా మార్చుకొనక, 2014 మే నెలలో కర్మాగారము నిలిచిపోవు వఱకు మన రోడ్లపైకి వచ్చుచుండెను. కలెక్టరు బంగళా ముందట నిలిచినదియు, రైల్వేస్టేషను బయట టాక్సీయై నిలిచినదియు, పెండ్లికొడుకును పూలదండలతో మోసినదియు ఆ ఒక్క కారే. దాని లోపలి నిర్మాణమున నాకు మిక్కిలి నచ్చిన గుణ మొకటి కలదు: స్ప్రింగులు, గోనెపట్టా, కొబ్బరిపీచు, దూది, రెక్సిను, అట్ట, ఇవన్నియు మన యిండ్లలో మనుష్యుల చేతులకు ఏనాడో పరిచితమైన వస్తువులు. అచ్చులో పోసి తీసిన ప్లాస్టిక్కు భాగము పగిలినచో గృహస్థుడు చేయగలది స్వల్పము. కుట్టినదానిని విప్పి మరల కుట్టవచ్చును.

ఈ పనికి మొదటి మెట్టు నీటి జాడను కనుగొనుట. తివాచీ కుళ్లుటకును, నేలరేకు తుప్పు పట్టుటకును, డోర్ ప్యాడ్ అట్ట ఉబ్బి వంకరపోవుటకును తఱచుగా మూలమొక్కటే; అది వానకాలమున ఎక్కడనుండియో లోనికి దిగి, ఎవరికిని కనబడక, తివాచీ క్రింది మెత్తలో నెలల తరబడి నిలిచియుండు నీరు. ఆ దారిని మూయక పైన క్రొత్త తివాచీ పరచుట ధనమును తుప్పునకు సమర్పించుటయే. ముందద్దము చుట్టునుండు రబ్బరు బీడింగ్ ఎండకు గట్టిపడి పగుళ్లువారును. డోరు అడుగుననుండు సన్నని రంధ్రములు వేపాకులతోను ధూళితోను పూడుకొనును. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుండగా వేరొకరు వెలుపలనుండి సన్నని ధారగా నీరు పోయవలెను. అదియు క్రిందినుండి మొదలిడి క్రమముగా పైకి పోవలెను, ఏలనన పైనుండి పోసిన నీరు అన్ని సందులను ఒక్కసారిగా తడిపి, అసలు దోషము ఎచ్చటనున్నదో తెలియనీయదు. అనుమానమున్న చోట సుద్దపొడి చల్లినచో నీరు వచ్చిన దారి గీతయై కనబడును.

డోరు విషయమున తెలిసికొనదగిన సంగతి మఱియొకటి కలదు. అద్దము ప్రక్కనుండి కొంత నీరు డోరు గర్భములోనికి దిగుట లోపము కాదు. దిగిన నీరు అడుగు రంధ్రముల గుండ బయటికి పోవలెనని తయారుచేసినవారే ఏర్పాటు చేసిరి. ఆ నీటిని అట్టకు తగులనీయకుండుటకే రేకునకును ప్యాడునకును నడుమ పాలిథీను పొర యొకటి అంటించి, దాని క్రింది అంచును డోరు లోనికి మడవవలెను. ఎన్నడో అద్దము త్రిప్పు హ్యాండిలును బాగుచేయుటకై ప్యాడు విప్పినవారు ఆ పొరను చించి పారవైచిన కార్లను నేను పెక్కింటిని చూచితిని. అట్ట మెత్తబడి పోయినచో దానినే క్రొత్త హార్డుబోర్డుపై పరచి, పెన్సిలుతో అంచు గీచి, క్లిప్పుల రంధ్రములతో సహా కోసికొని, అంచులకు వార్నిషు రెండు పూతలు పట్టించిన పిదపనే రెక్సిను అంటింపవలెను. అట్ట నీటిని త్రాగునది అంచులనుండియే. నేలరేకుపై తుప్పును తీగబ్రష్షుతో గీకి రెడాక్సైడు పూయుట ఎవరైన చేయవచ్చును. చిల్లులు పడినచో వెల్డింగ్ తెలిసినవానికి అప్పగింపవలసినదే.

ఇక సీటు. నాకు అన్నిటికంటె ప్రీతికరమైన భాగమిది. తొడుగు అంచును చట్రమునకు పట్టియుంచిన తీగ క్లిప్పులను ప్లయరుతో ఒక్కటొక్కటిగా విప్పి తొడుగును వెనుకకు మడచినపుడు, క్రింద దూది, దాని క్రింద పీచు, దాని క్రింద గోనెపట్టా, అట్టడుగున స్ప్రింగులు వరుసగా బయటపడును. ఏ పొర యెందుకున్నదో ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును. కూర్చున్నచోట గుంత పడినదని అందఱును స్ప్రింగులను నిందింతురు. కాని విప్పి చూచినచో స్ప్రింగులు తిన్నగానే యుండి, చెమటకును తేమకును గోనెపట్టా చీకిపోయి, పీచు ముద్దలు ముద్దలుగా స్ప్రింగుల సందులలోనికి జారియుండుట తఱచు. అట్టి సీటునకు కావలసినది క్రొత్త గోనెపట్టాయు, దానిపై పీచు షీటును మాత్రమే. కొబ్బరిపీచుకు రబ్బరుపాలు పట్టించి చేసిన షీట్లు పరుపుల దుకాణములలో దొరకును. కోనసీమ గల రాష్ట్రమున పీచుకు కరవు లేదు. ఇంత సులభమైన చికిత్స యుండగా స్ప్రింగులనే తీసివేసి దళసరి స్పంజి దిమ్మలు నింపుట నేడు అలవాటైనది. దానివలన కూర్చున్నవాని యెత్తు మారును, స్టీరింగునకును మోకాళ్లకును నడుమ దూరము మారును, స్పంజి నీటిని పీల్చి విడువక పట్టియుంచును. అది మరమ్మతని నేనొప్పుకొనను.

తొడుగు చిరిగినచో ముందుగా చిరిగినది ఏదో నిర్ణయింపవలెను. విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధుడైన కుషన్ పనివాడు నాకు చెప్పిన మొదటి మాట యిది: “దారం తెగిందా, రెక్సిన్ చిరిగిందా, అది చూసుకోండి ముందు. దారం తెగితే పాత బొక్కల్లోంచే కుట్టండి సార్, కొత్త బొక్క పెట్టొద్దు.” ఆ మాట వెనుకనున్న యుక్తి గొప్పది. కుట్టు వెంబడి ఇదివఱకే వరుసగా రంధ్రములుండగా వాని ప్రక్కనే మఱి యొక వరుస పొడిచినచో, రెండు వరుసల నడుమ మిగిలిన సన్నని పట్టీ మొదటి బరువునకే తెగిపోవును. నూలుదారము కాలక్రమమున చీకును గనుక పాలిస్టరుదారమును, వంపుసూదిని తీసికొని, పాత రంధ్రములలోనుండియే కుట్టుకొని పోవలెను. రెక్సినే చిరిగినచో చిరుగును కుట్టనే కూడదు. చిరుగు క్రిందికి గుడ్డముక్క యొకటి దూర్చి, అంచులను దానికి అంటించి, ఆరువఱకు బరువు పెట్టవలెను. ప్లాస్టిక్కు పూతగల రెక్సిను తనంతట మెత్తనిది కాదు. దానిలో కలిపిన నూనెవంటి పదార్థములు దానికి మార్దవమునిచ్చును, ఎండవేడికి అవి క్రమముగా వెలువడిపోగా మిగిలినది గట్టిపడి పగులును. కనుక మురికి వదలించుటకు పెట్రోలును తిన్నరును వాడువారు ఎండ చేయు కీడునే తామును చేయుచున్నారు. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు, మెత్తని బ్రష్షు చాలును.

టాప్ లైనింగ్ పని ఓర్పును పరీక్షించును. ఈ తరము కార్లలో ఆ వస్త్రము వెనుక కుట్టిన గొట్టముల గుండ వంచిన యినుప కమ్ములు దూర్చి, కొనలను పైకప్పు ప్రక్కలనున్న రంధ్రములలో నిలుపుదురు. కమ్ములన్నియు ఒకే పొడవుగా నున్నట్లు తోచును, ఉండవు. తీయునపుడే ప్రతిదానికిని సంఖ్యవేసిన కాగితము కట్టనిచో, మరల బిగించునపుడు వస్త్రము ఒకచోట వ్రేలాడుచు ఒకచోట చినుగ సిద్ధమగుచు ఉండును. పైకప్పు నడుమను, వస్త్రము నడుమను సుద్దతో గీత గీచి, ఆ రెండును కలియునట్లు వెనుకనుండి ముందునకు పరచి, ప్రక్కలను ఆ తరువాతనే లాగవలెను. జిగురు ఇరుప్రక్కల పూసి, వ్రేలికి అంటని స్థితి వచ్చువఱకు వేచి, అప్పుడు అదుమవలెను. డోరులన్నియు తెరచియుంచవలెను, బ్యాటరీ వైరు తీసివేయవలెను, దగ్గఱ ఎవ్వరును అగ్గిపుల్ల గీయరాదు. ఆ జిగురు ఆవిరి మండును, తలయు త్రిప్పును. ముడుతలన్నియు పోయినవని తోచినను అదనపు వస్త్రమును ఆనాడే కోయక, ఒక పగటియెండ చూచిన పిదప కోయుట మంచిది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొఱకు చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కలదు. దాని వెనుకభాగమున సింహాసనమువంటి ఆసనము కలదు. అట్టి వాహనములకు నిపుణులును, ధనమును, రక్షించు సంస్థలును ఉండనే యుండును. మన యింటి ముందటి అంబాసిడరునకు మన చేతులు తప్ప మఱి దిక్కు లేదు. 2021లో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన వాహనములకు వింటేజ్ గుర్తింపు నిచ్చు నిబంధనలను ప్రకటించి, మూలరూపము చెడరాదని చెప్పుచు చాసిస్సును, బాడీని, ఇంజనును పేర్కొనెను. సీటులోని పీచునుగూర్చియు తలపై లైనింగునుగూర్చియు పేర్కొనలేదు. ఆ భాగము యజమానుల విచక్షణకే మిగిలినది.

కావున పాత కారు గల పాఠకులకు నా మనవి యొక్కటే. మీరు స్వయముగా చేసికొన్నను, కుషన్ దుకాణమునకు ఇచ్చినను, విప్పిన పాత తొడుగును, పాత అట్టను, లైనింగు ముక్కలను అడిగి వెనుకకు తెచ్చుకొనుడు. అది ఏ డోరుదో, ఏ సీటుదో కాగితముపై వ్రాసి కట్టి, ఒక పెట్టెలో పొడిగా దాచుడు. ఉత్తరపారాలో పని నిలిచిపోయినది. ఇక ముందు ఈ కారు లోపలి భాగమును కోయువారికి ఆ పాత ముక్కలే కొలతలు.