పాత ప్రహసనం, కొత్త విందు

పూర్వకవి రచించిన హాస్యనాటకాన్ని నేటి యువజనుల వినోదచిత్రంగా మలచినప్పుడు విమర్శకులు సాధారణంగా రెండు మాటలలో ఒకటి అంటారు. మూలం చెడిపోయిందని కొందరు విచారిస్తారు. మూలానికి మళ్ళీ ప్రాణం వచ్చిందని కొందరు సంతోషిస్తారు. రెండూ తీర్పులే. నాటకంలో ఏ భాగం కొత్త కాలానికి తనంత తాను నడిచివచ్చింది, ఏ భాగాన్ని మోసుకొని రావలసి వచ్చింది, దేనిని పాతగట్టుననే వదిలివేశారు అని విచారించడం ఈ తీర్పులకు ముందు జరుగవలసిన పని. అనువాదకునికి ఇది నిత్యానుభవం. పదం ఏదో విధంగా దాటుతుంది. పదం వెనుకనున్న ఆచారం ఒక్కొక్కప్పుడు దాటదు. ఆచారం దాటనిచోట నవ్వు కూడా వెనుకనే ఆగిపోతుంది.

షేక్స్పియరు 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ'ను ఉదాహరణగా తీసుకుందాము. 1590-92 ప్రాంతాన వ్రాసినదని పండితులు భావించే ఈ నాటకం 1623 నాటి ఫోలియో సంపుటంలో మనకు దక్కింది. పాడువా నగరంలో బాప్టిస్టా అనే ధనికునికి ఇద్దరు కుమార్తెలు. పెద్దది కాథరీనా గయ్యాళి. చిన్నది బియాంకా సాధువు. పెద్దదానికి పెండ్లి అయితే గాని చిన్నదానిని ఇవ్వనని తండ్రి పట్టు. బియాంకాను కోరినవారు వెరోనా నుండి వచ్చిన పెట్రూకియోను కాథరీనా మీదికి పురికొల్పుతారు. అతడు ఆమెను పెండ్లాడి, తిననివ్వక, నిద్రపోనివ్వక దారికి తెస్తాడు. 1999లో గిల్ జుంగర్ దర్శకత్వాన వచ్చిన 'టెన్ థింగ్స్ ఐ హేట్ ఎబౌట్ యూ' అనే అమెరికన్ చిత్రం ఈ కథను సియాటిల్ ప్రాంతపు ఉన్నతపాఠశాలకు దించింది. పాఠశాల పేరు పాడువా. అక్కచెల్లెళ్ళ యింటిపేరు స్ట్రాట్‌ఫర్డ్. పెట్రూకియో స్థానంలో వచ్చిన పాట్రిక్ యింటిపేరు వెరోనా. ఇట్టి పేర్ల చమత్కారం చదువుకున్న ప్రేక్షకునికి తాంబూలం వంటిది. భోజనం వేరు, దానిని రుచి చూడాలి.

మొదట తండ్రి నియమం. పెద్దపిల్ల మగవానితో షికారుకు వెళ్ళేదాకా చిన్నపిల్ల వెళ్ళరాదని చిత్రంలోని తండ్రి శాసిస్తాడు. అతడు ప్రసూతి వైద్యుడు. బడి యీడు పిల్లలు బిడ్డలను కనడం రోజూ చూసి బెదరినవాడు. చిన్నకూతురు పార్టీకి బయలుదేరితే నిండు గర్భిణి కడుపులాంటి తొడుగును ఆమెకు కట్టి, భయం అంటే ఏమిటో తెలుసుకొని పొమ్మంటాడు. ఈ రంగం నవ్విస్తుంది. కాని రచయితలు పడిన చిక్కును కూడా ఇది బయటపెడుతున్నది. పాడువా సమాజానికి సహజంగా తోచిన కట్టుబాటు అమెరికాలో ఒక తండ్రి వెర్రిగా తప్ప నిలువదు. కనుక దానికి వృత్తిలో నుంచి ఒక కారణం వెదకి తేవలసి వచ్చింది. మన యిండ్లలో అక్కకు కాకముందే చెల్లెలికి సంబంధం చూడడానికి వెనుకాడే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. తెలుగు రచయితకు ఈ నియమం శ్రమ లేకుండా దొరుకుతుంది. అతని కష్టం మరొకచోట ఉన్నది.

ఆ మరొకచోటు ధనం. మూలనాటకంలో ధనం సిగ్గులేకుండా మాట్లాడుతుంది. పెట్రూకియో పాడువాకు వచ్చినదే ధనవంతురాలైన భార్య కోసం. ఆ సంగతి అతడు దాచడు. ఇరవై వేల క్రౌనులు ఇప్పుడు, సగం భూములు తన తరువాత అని బాప్టిస్టా కట్నం చెప్పగానే బేరం కుదురుతుంది. ఆ వెంటనే అదే రంగంలో బియాంకాకు వేలం జరుగుతుంది. ఎవడు ఎక్కువ ఆస్తి వ్రాసి యిస్తానంటే పిల్ల వానిది. పాడేవారిలో ఒకడు ముసలివాడు. రెండవవాడు యజమాని దుస్తులు వేసుకున్న సేవకుడు. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వుకు ఆధారం ఏమంటే, వేదికమీద ఉన్నవారిలో ఒక్కరికైనా ఇది తప్పుగా తోచకపోవడం.

చిత్రంలో కూడా ధనం ఉన్నది. చెల్లెలిని కోరిన ధనికవిద్యార్థి జోయీ, అక్కను వెంట తిప్పుకోవడానికి పాట్రిక్‌కు సొమ్ము ఇస్తాడు. కాని ఇక్కడ సొమ్ము రహస్యం. పాఠశాల నాట్యోత్సవం రాత్రి ఆ రహస్యం బయటపడడమే కథకు సంకటస్థానం. మూలంలో అందరూ ఎరిగిన ఒప్పందం అనువర్తనలో ఒకని నేరంగా మారింది. ఈ మార్పును నేను మెచ్చుకుంటాను. కాలభేదాన్ని ఉపన్యాసం లేకుండా ఇంత సూటిగా చూపడం సులభం కాదు. అయితే పరిహారం విషయంలో రచయితల చేయి జారింది. తీసుకున్న సొమ్ముతో పాట్రిక్ ఒక గిటారు కొని కాట్ కారులో ఉంచుతాడు, ఆమె కరుగుతుంది. ఏ డబ్బుతో అవమానం జరిగిందో ఆ డబ్బే కానుకగా తిరిగివచ్చి అవమానాన్ని తుడిచివేసింది. నాటకంలోని పాడువా వర్తకులు ఈ లెక్కను చూసి ఆశ్చర్యపడరు.

ఇక విందు. పెట్రూకియో పెండ్లికి చింకిబట్టలతో, ఆలస్యంగా వస్తాడు; పెండ్లి కాగానే వధువును లాక్కొని పోతాడు. వధూవరులు లేని పీటల ముందు చుట్టాలు భోంచేస్తారు. కాథరీనా తన పెండ్లి భోజనం తినలేదు. ఆ తరువాత భర్త యింటిలోనూ ఆమె పళ్ళెం ముందుకు వచ్చి వెనుకకు పోతూ ఉంటుంది. చిత్రంలో విందుకు బదులు ఒక విద్యార్థి యింటిలో పార్టీ. పరిమితంగా తలపెట్టిన కూటమికి ఎవరో కరపత్రాలు పంచి బడినంతా తోలుకొస్తారు. అక్కడ కాట్ మితిమీరి తాగి, బల్లనెక్కి నాట్యమాడి, తల దెబ్బ తగిలించుకొని సోలిపోతుంది. పాట్రిక్ ఆమెను బయటికి తీసుకొనిపోయి, నిద్రలోకి జారకుండా మాటలలో పెడతాడు. తరువాత ఆమె ముద్దుకు వంగితే తప్పుకుంటాడు. మూలనాటకాన్ని పక్కన పెట్టుకొని ఈ ఘట్టాన్ని చూడండి. నిద్రపోనివ్వకపోవడం రెండుచోట్లా ఉన్నది. అక్కడ అది శిక్ష, ఇక్కడ రక్షణ. అక్కడ ఆమెకు కావలసినది అందకుండా చేసి పురుషుడు గెలుస్తాడు. ఇక్కడ తనకు చిక్కినదానిని వదలుకొని గెలుస్తాడు. యువజన చిత్రాలలో పార్టీ తరచుగా సంగీతానికీ అల్లరికీ మాత్రమే పనికివస్తుంది. ఇక్కడ అది మూలంతో వాదం పెట్టుకున్నది. ఈ చిత్రంలో అత్యుత్తమమైన అనువాదం ఇదే.

అంత మంచి అనువాదం చేసిన చేతులే కాట్ కోపానికి ఒక కథ అల్లాయి. తల్లి విడిచిపోయిన దినాలలో ఆమె జోయీతో ఒకసారి సంబంధం పెట్టుకొన్నది, పశ్చాత్తాపపడ్డది; కనుకనే నేటి కాఠిన్యం అని చిత్రం వివరిస్తుంది. షేక్స్పియరు కాథరీనాకు ఇట్టి పూర్వకథ ఇవ్వలేదు. వేలంవేసే తండ్రి, వెక్కిరించే వరులు, ముద్దుచేయబడే చెల్లెలు ఎదురుగా ఉండగా ఆమె కోపానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. కోపాన్ని గాయంగా మార్చితే ప్రేక్షకునికి జాలి కలుగుతుంది. జాలి కలిగిన క్షణాన కోపంలోని న్యాయం మరుగున పడుతుంది. ఆధునికుడు స్త్రీకి అనుకూలంగా చేశానని అనుకున్న మార్పు ఆమె మాట బలాన్ని తగ్గించింది.

చివరి రంగానికి వద్దాము. మూలంలో కాథరీనా భార్యాధర్మాన్ని గురించి నాటకంలోకెల్లా దీర్ఘమైన ప్రసంగం చేస్తుంది. ఆమె మనస్ఫూర్తిగా అన్నదా, వ్యంగ్యంగా అన్నదా అనే ప్రశ్నను ప్రతి దర్శకుడూ తేల్చుకోవలసిందే. చిత్రంలో దీనికి బదులు, తరగతిలో ఉపాధ్యాయుడు వ్రాయమన్న పద్యాన్ని కాట్ చదువుతుంది. అతనిలో తాను ద్వేషించేవాటిని ఏకరువు పెట్టి, ద్వేషించలేకపోతున్నానని కన్నీరు పెట్టుకుంటుంది. సిద్ధాంతం పోయింది, ప్రేమ వచ్చింది, సంతోషమే. కాని రంగనిర్మాణం చూడండి. పదిమంది ఎదుట నిలిచి, మెత్తబడ్డానని చెప్పవలసిన పని ఇప్పటికీ ఆమెదే. కూర్చుని వినే పని ఇప్పటికీ అతనిది. పాట్రిక్ కూడా అంతకుముందు మైదానం మెట్లమీద బాకాల మేళంతో పాడి నవ్వులపాలైనాడు, నిజమే. అయితే అతని అవమానం ఆటగా కనిపించింది, ఆమెది ఏడుపు. మాటలు మార్చినా రూపం తన పాత అలవాటును విడువలేదు.

ఈ నాటకంతో వాదులాడడం కొత్త పని కాదు. షేక్స్పియరు జీవించి ఉండగానే, 1611 ప్రాంతాన, జాన్ ఫ్లెచర్ దీనికి ఉత్తరకథ వ్రాసి, రెండవ భార్య చేత పెట్రూకియోనే దారికి తెప్పించాడు. కనుక మూలాన్ని ముట్టరాదనే వాదానికి మూలం నాటి రంగస్థలంలోనే ఆధారం లేదు. ఇదే చిత్రరచయిత్రులు కేరన్ మెకల్లా, కిర్‌స్టెన్ స్మిత్ 2006లో 'ట్వెల్ఫ్త్ నైట్'ను 'షీ ఈజ్ ది మాన్'గా మార్చే పనిలోనూ పాల్గొన్నారు. అక్కడ బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును రద్దుచేస్తారు. అందుకే వయోలా మగవేషం వేస్తుంది. మారువేషానికి నేటి అన్యాయం ఒకటి కారణంగా దొరికింది. కాని అవమానింపబడి, పగతో నిష్క్రమించే మాల్వోలియో ఆ చిత్రంలో ఒక పెంపుడు సాలెపురుగుకు పేరుగా మిగిలాడు. హాస్యంలోని చేదు ఎవరి నోట ఉన్నదో ఆ పాత్రకే నోరు లేకుండా పోయింది.

ఇది మనకెందుకు అంటే, మన ముందు 'కన్యాశుల్కం' ఉన్నది. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పునారచన పొందిన ఆ నాటకం 1955లో చలనచిత్రమైనది. రేపు ఎవరో యువకుడు దానిని కళాశాల కథగా మార్చబోతాడు; మార్చవలసిందే. గిరీశం తనంత తాను నడిచివస్తాడు. అట్టి వక్తలకు ఏ కాలంలోనూ కరవు లేదు. మధురవాణి పేకాట రంగాన్ని పార్టీగా మార్చడం చిటికెలో పని. శిష్యుడు ఆడవేషంతో లుబ్ధావధానులకు పెండ్లికూతురు కావడం ఎక్కడైనా నవ్విస్తుంది. దాటనిది శుల్కం. విశాఖపట్నం మండలంలో మూడేండ్లలో 1,034 శుల్కవివాహాల లెక్క తేలిందని గురజాడ తన ఆంగ్లపీఠికలో చెప్పాడు. ఆ సంఖ్య మీద నిలిచిన నవ్వు అది. బేరం లేకుండా శిష్యుని పెండ్లి చేయిస్తే మిగిలేది చీర కట్టిన కుర్రవాడు మాత్రమే.

ఆ తరువాత మన సమాజంలో సొమ్ము దిశ మారింది. కన్యకు బదులు వరుడు అమ్ముడుపోయాడు. కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో ఈ మార్పునే పట్టుకున్నాడు. అక్కడా ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది కాళింది ప్రాణం తీసుకున్నది. చిన్నది కమల, కట్నమిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తే కదా అని బేరగాళ్ళ తర్కాన్నే వారి మెడకు చుట్టింది. గురజాడ కథను ఆయన తిరిగి వ్రాయలేదు. గురజాడ నవ్విన సంత తన కాలానికి ఎక్కడికి మారిందో కనిపెట్టి అక్కడికి వెళ్ళాడు. 1961లో వరకట్న నిషేధచట్టం వచ్చినా ఆ సంత మూతపడలేదని మన వీధులన్నీ ఎరుగును.

కనుక పాత ప్రహసనాన్ని చేతికి తీసుకునే యువరచయితకు నా మనవి ఒక్కటే. పాత్రలకు కొత్త దుస్తులు కుట్టించే ముందు, మూలంలోని జనం దేనికి సిగ్గుపడలేదో ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. తరువాత తన పేటలో జనం నేడు దేనికి సిగ్గుపడడం లేదో దాని పక్కన వ్రాయాలి. రెండవ వరుస ఖాళీగా ఉన్నంతకాలం పార్టీకి అతిథులను పిలువవద్దు.