రంగు వేరు, కారం వేరు

మా పుట్టిల్లు కుప్పం. అటు కన్నడం, ఇటు అరవం ఆనుకుని ఉన్న ఊరు. మా అమ్మ వంటింట్లో మాత్రం కన్నడ దేశపు బ్యాడగి మిరపకాయదే రాజ్యం. పెళ్లయి పుంగనూరు వెళ్లిన కొత్తలో, ఆ కాయలతోనే వంకాయ పులుసు చేశాను. మా అత్తగారు ఒక ముద్ద తిని, "చూసేదానికి ఎర్రగా ఉండాది గానీ, కారమే లేదు కదమ్మే!" అన్నారు. పదిహేనేళ్ల తర్వాత నా నవల మీద ఒక విమర్శకుడు రాసిందీ ఇంచుమించు అదే. అప్పట్నుంచీ ఈ మిరపకాయ తరఫున వకాల్తా పుచ్చుకోవాలని ఉంది.

కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడగి ఊరి పేరే దీని పేరు. 2011లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొడుగు మనిషి, ఒళ్లంతా ముడతలు, గింజలు తక్కువ. దీని అందమంతా తోలులోని ఎరుపులోనే ఉంది. కారం గింజల్లో ఉంటుందనుకుంటాం గానీ, అది అసలు పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. అంటే రంగూ కారమూ ఒకే ఇంట్లో కాపురమున్నా ఎవరి గది వారిదే! ఒకరు లేరని రెండోవారిని దండించడం ఏం న్యాయం చెప్పండి?

ఈ కాయల్ని వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నసెగ మీద నూనెలో వేయించండి. ఈ రంగు నీళ్లకు లొంగదు, నూనెకే లొంగుతుంది. పులుసు మీద ఎర్రటి తేట తేలుతుంది. తొందరపడి సెగ పెంచారా, నల్లబడి చేదెక్కుతుంది సుమా! గుంటూరు సన్నం అయితే నాలుగు కాయలకే నోరు భగ్గుమంటుంది. ఇది గుప్పెడు వేసినా నాలుక బతికి బట్టకడుతుంది. అందుకే చింతపండు పులుపూ, ధనియాల వాసనా, కొబ్బరి కమ్మదనమూ దేనికది తెలుస్తాయి. బిసిబేళె బాతు తిన్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే వకీలునైనా నిజం చెప్పాలి కదా. రాగిసంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి ఒట్టి బ్యాడగితో నూరి చూశాను. చప్పిడి! సంగటి నెమ్మదైన తిండి. పక్కన ఘాటు ఉండి తీరాలి. అక్కడ అత్తగారి మాటే నెగ్గింది. ఆ పట్టున నా నవల కూడా మళ్లీ తీసి చదివాను. కోడలు ఎదురు తిరగాల్సిన చోట, నేనే జంకి, సాయంత్రపు ఆకాశాన్ని రెండు పేజీలు వర్ణించాను. రంగు బాగానే ఉంది. ఉండాల్సింది మాత్రం రంగు కాదు.

ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాం. బజారునుంచి రెండు రకాలూ తెచ్చి, మూడుపాళ్లు బ్యాడగి, ఒకపాలు గుంటూరు కలిపి మిషన్లో పట్టిస్తున్నాను. మొన్న అత్తగారికి ఒక డబ్బా పంపితే, "ఈతూరి బాగుండాది" అని కబురు చేశారు.

ఇక ఆ విమర్శకుడికి కొత్త నవల పంపాలి.