పెట్టె పెట్టే చోటు

మెదడు ఎమ్మారైతో పాటు స్పెక్ట్రోస్కోపీ కూడా రాసి ఉంటే, రోగి వెంట వచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు: "ఇందులో ఆ గడ్డ ఏంటో తేలిపోతుందా డాక్టర్ గారూ?" తేలకపోవచ్చని చెప్పడం నాకిప్పటికీ ఇబ్బందే. ఈ పరీక్ష చాలాసార్లు జబ్బు పేరు చెప్పదు. మనం చూపించిన చోట ఏ పదార్థం పెరిగింది, ఏది తగ్గింది అన్నంత వరకే దాని పని.

ఆ "చూపించిన చోటు" దగ్గరే అసలు పనితనమంతా ఉంది. ఎమ్మారై బొమ్మ మీద ఒక చిన్న పెట్టె గీస్తాం. దాన్ని వాక్సెల్ అంటాం. సాధారణంగా రెండు సెంటీమీటర్ల లోపు ఘనం. యంత్రం దానిలోంచి మాత్రమే సిగ్నల్ తీసుకుంటుంది. మామూలు బొమ్మకు ఆధారం నీటిలోని హైడ్రోజన్. ఇక్కడ ఆ నీళ్లే అడ్డు. మెదడులోని కోలిన్, క్రియాటిన్ వంటి పదార్థాలు నీటి ముందు వేల వంతుల్లో ఒక వంతు. నీటి సిగ్నల్‌ను అణచకుండా వాటిని వినబోవడం పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోను మాట్లాడటమే.

నీళ్లను అణచినా పని అయిపోదు. 1.5 టెస్లా యంత్రంలో హైడ్రోజన్ సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. క్రియాటిన్‌కూ కోలిన్‌కూ తేడా అందులో పన్నెండు హెర్ట్జ్ అటూ ఇటూ. ఆరు కోట్ల నలభై లక్షల్లో పన్నెండు! పెట్టె లోపల అయస్కాంత క్షేత్రం కాస్త ఎగుడుదిగుడైనా గ్రాఫులో ఈ రెంటి పీకులూ (శిఖరాలూ) కలిసిపోతాయి. అందుకే ముందుగా షిమ్మింగ్ చేసి క్షేత్రాన్ని చదును చేస్తాం. గడ్డలో రక్తం, కాల్షియం ఉన్నా, అది చెవి ఎముక పక్కన ఉన్నా ఎంత షిమ్ చేసినా లాభం ఉండదు. గ్రాఫు చూడగానే నా కన్ను ముందు పీకుల ఎత్తు మీదికి పోదు, వెడల్పు మీదికి పోతుంది. బాగా వెడల్పుగా ఉంటే నిష్పత్తుల పట్టికను చదవను. సాఫ్ట్‌వేరుకు ఆ మొహమాటం లేదు, చెత్త గ్రాఫుకైనా రెండు దశాంశాల దాకా లెక్క కట్టి ఇస్తుంది.

మూర్ఛ, స్కానులో చిన్న ఉంగరం లాంటి గడ్డ. మన దేశంలో ఈ జంట కనిపిస్తే మెదడులో క్షయ గడ్డా, పంది బద్దెపురుగు తిత్తా అన్న చర్చ మొదలవుతుంది. క్షయ గడ్డలో జున్నులా మారిన కణజాలం వల్ల గ్రాఫు అడ్డగీత మీద 1.3 అంకె దగ్గర లిపిడ్ (కొవ్వు) పీకు లేస్తుంది. మంచి ఆధారమే. అయితే కుళ్లిన మాలిగ్నంట్ ట్యూమరులోనూ లిపిడ్ వస్తుంది. పెట్టె అంచు నెత్తిచర్మం కింది కొవ్వుకు తగిలినా వస్తుంది! ఇక లాక్టేట్ కూడా సరిగ్గా 1.3 దగ్గరే కూర్చుంటుంది. అలాంటప్పుడు ఎకో టైమును, అంటే సిగ్నల్ వినే ముందు ఆగే వ్యవధిని, 144 మిల్లీసెకన్లకు మార్చి మళ్లీ తీయిస్తాను. లాక్టేట్ అయితే గీత కిందికి తలకిందులవుతుంది, లిపిడ్ అవదు. ఎన్నేళ్లయినా ఆ తలకిందులయ్యే పీకును చూస్తే సరదాగానే ఉంటుంది.

వయసు సంగతి మరో చిక్కు. పెద్దవాళ్ల మెదడులో నాడీకణాల గుర్తయిన ఎన్-ఎసిటైల్ ఆస్పర్టేట్ అన్నిటికంటే ఎత్తు. అప్పుడే పుట్టిన బిడ్డలో అది పొట్టి, కోలిన్ పొడుగు. అచ్చం ఆ గ్రాఫే నలభై ఏళ్ల మనిషిది అయితే ట్యూమరును అనుమానిస్తాం.

ఈ పరీక్ష జబ్బు పేరు చెప్పిన సందర్భాలూ లేకపోలేదు. 1994లో జర్మనీలోని గోటింగెన్ వైద్యులు ఒక పసివాడి మెదడులో క్రియాటిన్ పీకు దాదాపు లేకపోవడం గమనించి, అప్పటిదాకా ఎవరికీ తెలియని జన్యులోపాన్ని బయటపెట్టారు. నోటి ద్వారా క్రియాటిన్ ఇస్తే మెదడులో మళ్లీ పెరిగింది. మేమేమో అదే క్రియాటిన్ మారదనుకుని హారంలో వేసి మిగతావాటిని కొలుస్తుంటాం.

సర్జన్లు ఫోన్ చేసి "ట్యూమరు గ్రేడ్ ఎంతో ఒక్క మాట చెప్పండి" అంటారు. గ్రేడ్ పాథాలజిస్టుకు వదిలేస్తాను. చెప్పగలిగింది వేరే ఉంది: గడ్డ నడుమ కుళ్లిన భాగంలో కాదు, వెనక అంచున కోలిన్ ఎక్కువగా ఉంది, బయాప్సీ సూది అక్కడికి పంపండి. దానికి ఆ చోటు గుర్తుపెట్టిన బొమ్మ జతచేసి పంపుతాను.